చీటీ వెనకవైపు

పోయిన వారం మీకు చెబుతున్న కథను చీటీల కట్ట నా చేతిలోంచి జారి నేల మీద పడ్డ దగ్గర ఆపాను. అన్నీ వెల్లకిలా పడి ఉంటే వాటిని ఏరి, రబ్బరు బ్యాండు వేసి, నా మానాన నేను పనిలో పడిపోయేదాన్ని. మూడు బోర్లా పడ్డాయి. ఆ మూడింటి వెనకా మా నాన్న చేతిరాత ఉంది.

నడిమధ్యలో వచ్చి కూర్చున్నవాళ్లకు రెండు ముక్కలు చెప్పాలి. మిగతావాళ్లు కాస్త ఓపిక పట్టండి. మాది పరాయి మాటలకు అర్థాలు రాసే నిఘంటువు ఆఫీసు. ఇరవై ఏడేళ్లలో 'అ' దగ్గర బయలుదేరి 'డ' దాకా వచ్చాం. మమ్మల్ని చూస్తే నత్తకు కూడా ధైర్యం వస్తుంది. ప్రతి అర్థానికీ అరచేయంత చీటీ ఒకటి ఉంటుంది. దాని మీద మాట, దాని అర్థం, ఎవరు ఎక్కడ ఎప్పుడు వాడారన్నది రాస్తాం. ఆ చీటీలు సర్దడం పదకొండేళ్లుగా నా పని. ప్రెస్సుకు పోయే చివరి ప్రూఫు మీద సంతకం కూడా నాదే. పెద్దసారుకు కళ్లలో పొరలు వచ్చాక చిన్న అక్షరాలు ఆనడం లేదు.

పెద్దసారు అంటే మా ప్రధాన సంపాదకుడు. చీటీ లేని మాట అచ్చుకు పోకూడదన్నది ఆయన రూలు. ఒకసారి రాసిన చీటీ చచ్చినా పారేయకూడదన్నది ఇంకో రూలు. వీటికి పైన మరొకటి ఉంది, చీటీ వెనక్కి తిప్పి చూడకూడదు. మా చీటీలన్నీ ఎక్కడెక్కడి పాత ఆఫీసు కాగితాలో కోసినవి. వెనకాల ఎవరిదో సెలవు దరఖాస్తు ఉంటుంది, ఎవరిదో మొర ఉంటుంది. "వెనకవైపు మనది కాదు" అని అట్ట మీద రాయించి గోడకు కొట్టించారు పెద్దసారు. ఎంత సంస్కారమో అనుకునేదాన్ని. ఇంటికి వచ్చినవాళ్లకు కూడా చెప్పుకుని మురిసిపోయాను. ఛీ, నా బుద్ధికి!

ఈ వారం మా మాట 'డ్రాగన్'. మొత్తం నలభై ఒక్క చీటీలు. పాతకాలపు గ్రీకువాళ్లకు అది ఒట్టి పెద్ద పాము. రెక్కలూ నిప్పులూ తరవాతివాళ్లు తగిలించినవి. రోమను గుర్రపుదళం కర్రకు కట్టి ఎగరేసిన గుడ్డపాముకూ అదే పేరు. నిప్పు కక్కే పొట్టి తుపాకీకి అదే పేరు పెట్టి, ఆ తుపాకీ పట్టిన సిపాయిని డ్రగూన్ అన్నారు. చెట్టు నుంచి కారే ఎర్రటి బంకను డ్రాగన్ నెత్తురని అమ్ముకున్నారు. తూర్పు దేశాల్లో మబ్బులనూ వానలనూ ఏలే దివ్యమైన ప్రాణి ఒకటుంది. దానికి దాని సొంత పేర్లున్నాయి. పడమటివాళ్లు వెళ్లి తమకు తెలిసిన పేరే దానికీ అంటించి వచ్చారు. ఇంటికి కాపలా కాసే గయ్యాళి పెద్దావిడను కూడా డ్రాగన్ అంటారట. "దీనికి ఉదాహరణ కోసం ఎక్కడికీ పోనక్కర్లేదు, ఎదుటి బల్ల చూడండి" అని కాగితాలు కోసే కత్తెర బాబాయి నన్ను చూపించి నవ్వాడు. నవ్వనీలెండి.

ఐదో అర్థం దగ్గర వచ్చింది పేచీ. చిన్న డ్రాగన్ అంటే నారి కురుపు, పాత వైద్యులు పెట్టిన పేరు. దాన్ని పెద్దసారు ఎర్రసిరాతో మూడుసార్లు కొట్టేశారు. మాట మూలం రాయాల్సిన చోట 'తెలియదు' అని రాశారు. బడిపిల్లల నిఘంటువులో కూడా దొరికే మూలం ఇంత పండితుడికి తెలియకపోవడమేమిటని బుర్ర బద్దలు కొట్టుకున్నాను.

నారి కురుపు అంటే తెలియని అదృష్టవంతులకు అదేమిటో చెప్పాలి. తాగే నీళ్లతో పాటు కంటికి ఆనకుండా కడుపులోకి పోతుంది. ఏడాది పాటు ఒంట్లో పెరుగుతుంది. అప్పుడు కాలి మీద నిప్పు పెట్టినట్టు బొబ్బ లేచి, పగిలి, అందులోంచి తెల్లటి దారం లాంటి పురుగు తల బయటపెడుతుంది. మూరెడు ఉంటుంది, ఒక్కోసారి రెండు మూరలు. గట్టిగా లాగితే తెగుతుంది, తెగితే లోపల చీము పడుతుంది. అందుకని అగ్గిపుల్లకు చుట్టి రోజుకు కాస్త చొప్పున తిప్పుతూ తీయాలి. నాకు ఆరేళ్లప్పుడు మా అమ్మ పిక్క మీద ఆ అగ్గిపుల్ల చూశాను. దాని చుట్టూ అది తడిగా మెరుస్తూ ఉండేది. అమ్మ రోజూ పొద్దున్నే పళ్లు బిగబట్టి ఒక్క చుట్టు తిప్పి, చీర దించుకుని, మళ్లీ నీటి సరఫరా ఆఫీసుకు టైపు కొట్టడానికి వెళ్లేది. పదకొండో రోజు అది తెగింది. కాలు తొడ దాకా వాచింది. ఆ నెల దాటకుండా అమ్మ పోయింది. ఇప్పటికీ నేను సూదిలో తెల్లదారం ఎక్కించను.

ఆ ఏడు మా పేటలో అరవై ముగ్గురికి కురుపులు లేచాయి. అందరూ తాగింది మెట్ల బావి నీళ్లే. ఆ బావికి కాపలాదారు మా నాన్న. "ఏడాది ముందే రాసిచ్చాను, మెట్లు మూసేయమన్నాను" అని విచారణలో నాన్న చెప్పారు. "అలాంటి ఉత్తరమేదీ మా ఆఫీసులో లేదు" అని నీటి సరఫరా ఆఫీసు పెద్ద గుమాస్తా చెప్పాడు. ఎవరి చేతికిచ్చావయ్యా అని అడిగితే నాన్న నీళ్లు నమిలారు. దాంతో ఉద్యోగం పోయింది. పురుగుల కాపలాదారు అన్న పేరు మాత్రం ఇరవై ఎనిమిదేళ్లుగా పోలేదు. ఆ పెద్ద గుమాస్తా మరుసటి ఏడు తన చీటీల పెట్టె చంకన పెట్టుకుని వచ్చి నిఘంటువు ఆఫీసు తెరిచాడు. ఆయనే మా పెద్దసారని నాన్న ఏనాడూ చెప్పలేదు, నాకు తెలిసి రెండు వారాలే అయింది.

ఇక ఈ వారం సంగతి.

నేల మీద కూర్చుని ఆ మూడు ముక్కలనూ పక్కపక్కన పెట్టాను. పైన రెండు, కింద ఒకటి. అంచులు అతికినట్టు కలిశాయి. అటువైపు వెళుతున్న కత్తెర బాబాయి ఆగి తొంగి చూశాడు.

"అమ్మడూ, ఏం చేస్తున్నావ్? తిప్పకూడదు కదా!"

"తిప్పలేదు బాబాయ్. అవే పడ్డాయి. ఈ కోత నీదేనా చూడు."

ఆయన మోకాళ్ల మీద కూలబడి, ఒక అంచును బొటనవేలితో తడిమి పెదవి విరిచాడు. "నాది కాదు. నా కత్తెరైతే అంచు ఇంత నూగు నూగుగా ఉండదు. ఇది మడత పెట్టి, గోటితో రుద్ది, స్కేలు ఆనించి చింపింది. పెద్దసారు సొంత పని. నేను చేరకముందు ఇలాగే చేసేవారట. ఒక కాగితానికి నాలుగు చీటీలు. మరి నాలుగోదేది?"

పైభాగం పూర్తిగా చదవగలిగాను. మెట్ల బావి కాపలాదారు చేసుకునే విన్నపం. నలుగురి కాళ్లకు నారి కురుపులు లేచాయి, ఆ కాళ్లతోనే మెట్లు దిగి నీళ్లు ముంచుకుంటున్నారు, పురుగు నీళ్లలో పడుతోంది, వెంటనే మెట్లు మూసేసి పైనుంచి తోడుకునే ఏర్పాటు చేయించాలి. పైన తేదీ ఉంది. జనానికి కురుపులు లేవడానికి సరిగ్గా ఏడాది ముందుది. కిందిభాగంలో ఎడమ సగమే ఉంది, వాక్యాలన్నీ సగంలో తెగాయి. 'గుడ్డ రెండు మడతలు వేసి వడపోసి', 'ఆలస్యమైతే వచ్చే ఏటికి', 'నా ఇంట్లో కూడా చిన్నపిల్ల'. ఆ చిన్నపిల్లను నేనే.

తరవాత ముక్కలు ఒక్కొక్కటే వెల్లకిలా తిప్పాను. పెద్దసారు వయసులో ఉన్నప్పటి గుండ్రటి రాత. మొదటిదాని మీద 'డ్రాగన్: పెద్ద పాము'. రెండోదాని మీద 'గుర్రపుదళం జెండా'. మూడోదాన్ని దగ్గరికి తెచ్చుకుని రెండోసారి చదివాను. 'చిన్న డ్రాగన్: నారి కురుపు' అని ఉంది. పేటకు నారి కురుపు వచ్చింది కాపాడండి బాబూ అని మొర పెట్టుకున్న కాగితాన్ని చింపి, దాని వీపు మీద నారి కురుపుకు అర్థం రాసుకున్నాడీ మనిషి!

"బాబాయ్, ఉత్తరాన్ని నిఘంటువులో ఉదాహరణగా వేయాలంటే ఏం ఉండాలి?"

"రాసిందెవరో, అందుకున్నదెవరో, తేదీ. మూడూ ఉండాలి. నాకు చెప్పించుకుంటావేమిటి, రోజూ నువ్వే కదా అందరి ప్రాణాలూ తీసేది!"

అదే నా ఆలోచన. ఐదో అర్థాన్ని మళ్లీ ఎక్కిస్తాను. దాని కింద ఉదాహరణగా నాన్న ఉత్తరం వేస్తాను, రాసినవారు ఫలానా, అందుకున్నవారు ఫలానా అని అచ్చులో. ఆ పుస్తకం ఊరూరా గ్రంథాలయాల్లో ఉంటుంది. ఉత్తరం రాలేదన్న మాట ఇక ఎవడూ అనలేడు. రాసింది ఎవరో తెలుసు, తేదీ ఉంది. ఆఫీసులో అందుకున్నట్టు ముద్ర, సంతకం కుడివైపు కింద వేస్తారు. అది నాలుగో ముక్క. ప్రెస్సు మనిషి ఐదింటికి వస్తాడు. గోడ గడియారంలో రెండున్నర.

పెద్దసారు గదిలోకి వెళ్లేసరికి ఆయన నారింజపండు వలుస్తున్నారు. తొక్కలు నా ప్రూఫు కాగితాల మీదే పెట్టారు. ఆయనకు ఇంకో అలవాటుంది, వేలు నాలుక మీద తడి చేసుకుని చీటీలు తిప్పుతారు. మా ఆఫీసులో ఏ పాత చీటీ తీసినా కింది మూల గోధుమరంగుకు తిరిగి ఉంటుంది. పదకొండేళ్లుగా ఆ మూలలు పట్టుకుని పనిచేశానని అప్పుడే తట్టింది. చేతులు కొంగుకు తుడుచుకున్నాను.

మూడు చీటీలనూ ఆయన ముందు బోర్లా పెట్టాను.

ఆయన కళ్లజోడు ఎత్తి, భూతద్దం తీసి, వంగి చూశారు. మొట్టమొదట ఆయన నోట్లోంచి వచ్చిన మాట ఏమిటో తెలుసా?

"చీటీ తిప్పావా అమ్మాయ్?"

ఒళ్లు మండిపోయింది. "తిప్పాను సార్. ఇది మా నాన్న రాసిన ఉత్తరం. రాలేదని విచారణలో చెప్పారే, అది."

పెద్దసారు నారింజ తొన ఒకటి నోట్లో వేసుకుని నిదానంగా నమిలారు. గింజ అరచేతిలోకి ఊసి పళ్లెంలో పెట్టారు. "కూర్చో. నువ్వు ఆవేశంలో ఉన్నావు. నిజం చెబుతున్నాను, నేనా ఉత్తరం చదవలేదు. ఒకవైపు ఖాళీ ఉన్న కాగితాలు నాకోసం ఓ పక్కన పెట్టేవాళ్లు. మధ్యాహ్నం భోజనం వేళ నాలుగేసి ముక్కలు చేసుకుని రాసుకునేవాణ్ణి. ఆ రోజు డ్రాగన్ మీద చదువుతున్నాను. వెనకాల ఏముందో నాకేం తెలుసు?"

"ఎవరు పెట్టేవాళ్లు?"

"అది నేను చెప్పను." ఈ మాట అంటున్నప్పుడు ఆయన ముఖంలోకి ఒక పెద్దమనిషి తరహా వచ్చి కూర్చుంది.

"పోనీ, రాసుకునేటప్పుడు తెలియదు. విచారణ నాటికి తెలుసా తెలియదా?"

"రెండు రోజుల ముందు తెలిసింది. పెట్టెలో చెమ్మ చేరితే చీటీలన్నీ ఎండలో పరిచాను. కొన్ని తిరగబడ్డాయి."

"తెలిసి కూడా ఉత్తరం రాలేదని చెప్పారా?"

"అమ్మాయ్, కాస్త జాగ్రత్తగా విను." మా ఆఫీసులో కొత్తవాళ్లకు పాఠం చెప్పే గొంతు అది. "వాళ్లు నన్ను అడిగింది, ఉత్తరం మీ దగ్గర ఉందా అని. అప్పటికి ఉత్తరమన్నది లేదు. చీటీలున్నాయి. నేను అబద్ధమాడలేదు."

అరవై ముగ్గురు. మా అమ్మ. మా గుమ్మం ముందు ఉమ్మేసి పోయిన జనం. అగ్గిపుల్ల మీద ఆ తెల్లటి చుట్లు. వీటన్నిటికీ ఈయన ఇరవై ఎనిమిదేళ్లుగా చెప్పుకుంటున్న సమాధానం ఇదా! ఏ దొంగా నాకింత అసహ్యంగా కనపడలేదు. దొంగకు కనీసం తాను దొంగనని తెలుసు.

"మరి కాల్చేయొచ్చు కదా సార్ వీటిని? పీడా పోయేది."

ఆయన ఉలిక్కిపడ్డారు. ఆ గదిలో ఆయన నిజంగా కంగారుపడింది అప్పుడొక్కసారే. "చీటీని కాల్చడమా? ఏం మాటలవి? ఒకసారి రాసిన చీటీని..."

"చచ్చినా పారేయకూడదు. తెలుసు. మనిషినైతే పారేయొచ్చు."

ఆయన ఫ్లాస్కు మూత తిప్పి నీళ్లు పోసుకున్నారు. ఎప్పుడూ ఇంటి నుంచి కాచి తెచ్చుకున్న నీళ్లే తాగుతారు. ఆఫీసు నీళ్లు ముట్టరు. శుభ్రత ఎక్కువని మేమంతా గొప్పగా చెప్పుకునేవాళ్లం. ఆ నీళ్లు గుటక గుటకగా దిగుతుంటే ఆయన గొంతునే చూస్తూ నిలబడ్డాను. ఈయనకు అన్నీ తెలుసు. ఏ నీళ్లలో ఏముంటుందో నాన్న ఉత్తరం చదివే తెలుసుకున్నారు. ఆ ఉత్తరం వల్ల బాగుపడ్డ ప్రాణం ఈ భూమ్మీద ఈయనదొక్కటే.

"ఐదో అర్థం ఎందుకు కొట్టేశారు?"

"చదివేవాళ్లకు జుగుప్స కలుగుతుంది. నిఘంటువు పిల్లలు కూడా చూస్తారు."

"జుగుప్సా? మీకా?" నవ్వొచ్చింది. ఏడుపు లాంటి నవ్వు. "నాలుగో ముక్క ఇవ్వండి. ముద్రా సంతకం ఉన్నది. పెద్ద గుమాస్తా సంతకం అచ్చులో కూడా చూసుకుందాం."

నాలుక దాకా వెళ్లిన వేలు అక్కడే ఆగిపోయింది. కాసేపటికి ఆయన దాన్ని రుమాలుతో తుడుచుకున్నారు.

"అది నా దగ్గర లేదు. నా జన్మలో నేను వదులుకున్న చీటీ అదొక్కటే. అందుకే మూలం తెలియదని రాశాను. చీటీ లేనిదే ఏ మాటా అచ్చుకు పోకూడదు, నాకైనా అదే రూలు."

"ఏముంది దాని మీద?"

అడక్కుండా ఉండాల్సింది. ఆ పొరలు కమ్మిన కళ్లలోకి ఎక్కడలేని వెలుగూ వచ్చింది. "గ్రీకులో ద్రాకోన్. తేరిపార చూడడం అనే క్రియ నుంచి వచ్చిందంటారు. పాముకు రెప్ప పడదు కదా, అది చూసిందంటే చూస్తూనే ఉంటుంది. చూపే దాని పేరైంది. మన దృష్టి, మన దర్శనం కూడా ఆ కుదురులోవే. ఎంత దూరం నుంచి ఎంత దూరం వచ్చిందో చూడు! ఆ చీటీ రాసిన రోజు నాకు అన్నం సహించలేదు, అంత సంతోషం."

అమ్మ చావును మోస్తున్న కాగితం గురించి మాట్లాడుతూ సంతోషం అంటున్నాడు మనిషి. ఇంకొక్క క్షణం అక్కడుంటే ఆ నారింజ తొక్కల మీదే కక్కేసేదాన్ని.

"ఎవరికిచ్చారు?"

"మీ నాన్నకి. విచారణ అయిన మర్నాడు నేనే మీ ఇంటికెళ్లి చేతిలో పెట్టి వచ్చాను. ఇరవై ఎనిమిదేళ్లుగా ఆయన దగ్గరే ఉంది. ఎందుకు బయటపెట్టలేదో వెళ్లి ఆయన్నే అడుగు." పెద్దసారు మిగిలిన తొన నోట్లో వేసుకున్నారు. "అడిగాక కూడా ప్రూఫు మీద సంతకం నీదే అమ్మాయ్. నేనేం అడ్డుపడను."

అడ్డుపడనన్న ఆ మాట నన్ను దారి పొడుగునా తొలిచేసింది. దోషి అలా ఎందుకంటాడు? ప్రూఫు పేజీ, మూడు చీటీలు సంచిలో వేసుకుని గబగబా నడిచాను. నాన్న దగ్గర ఆ ముక్క ఉండి ఉంటే ఇన్నాళ్లూ మమ్మల్ని ఎందుకిలా బతికించారు? బళ్లో నా పక్కన ఎవరూ కూర్చునేవాళ్లు కాదు. నా సీసాలో నీళ్లు ఎవరూ తాగేవాళ్లు కాదు. ఒక్క కాగితం ముక్క చూపిస్తే పోయేదానికి ఆయన తల దించుకుని, నా తల కూడా దించి పెంచారు. పెద్దసారు మీద పుట్టిన అసహ్యంలో కాస్త మా నాన్న వైపు కూడా తిరిగింది. దాచుకోవడం దేనికి, తిరిగింది.

ఇంట్లో నాన్న వంటగట్టు దగ్గర నిలబడి నీళ్లు వడపోస్తున్నారు. కుళాయి నీళ్లే. మెట్ల బావి పూడ్చేసి పాతికేళ్లయింది. అయినా తెల్లగుడ్డ రెండు మడతలు వేసి, బిందె మూతికి కట్టి, చెంబుతో కొద్దికొద్దిగా పోస్తారు. ఆ గుడ్డను ఆయనే ఉతుకుతారు, ఎవరినీ ముట్టుకోనివ్వరు.

"ఇంత తొందరగా వచ్చేశావేం అమ్మలూ? ఒంట్లో బాగోలేదా?"

సంచిలోంచి చీటీలు తీసి గట్టు మీద పెట్టాను. ఆయన చెంబు పట్టుకుని అలాగే నిలబడిపోయారు. గుడ్డ మీద నుంచి నీళ్లు పొంగి ఆయన పాదాల మీద పడ్డాయి. చూసుకోలేదు.

"నాలుగోది మీ దగ్గరుందట."

"చెప్పాడా?"

"ఉందా లేదా?"

నాన్న చెయ్యి తుడుచుకుని ముందుగదిలోకి వెళ్లారు. గోడ మీది అమ్మ ఫొటో దించారు. వెనక అట్టకు నాలుగు మూలలా చిన్న మేకులు, అవి గోటితో పక్కకు తిప్పారు. ఎన్నోసార్లు తిప్పిన మేకుల్లాగే తేలిగ్గా తిరిగాయి. అట్ట కింద నుంచి చీటీ తీసి, రాత పైకి ఉండేలా అరచేతిలో పెట్టుకుని నా దగ్గరికి వచ్చారు. అదే గుండ్రటి రాత. 'తేరిపార చూచునది'.

"ఎందుకు నాన్నా?" నా గొంతు నాకే కీచుగా వినపడింది. "ఎందుకిలా చేశారు? ఎవరి చేతికిచ్చావని అడిగితే నీళ్లు నమిలారట! ఈ ముక్క వాళ్ల మొహాన కొట్టి ఉంటే మీ ఉద్యోగం ఉండేది. మిమ్మల్ని పురుగుల కాపలాదారు అనేవాళ్లు కాదు. ఇదిగో ప్రూఫు, ఇంకో గంటలో ప్రెస్సుకు పోతుంది. మీ ఉత్తరం అచ్చేయిస్తాను. రాసినవారు మీరు, అందుకున్నవారు ఆయన. అందరూ చదువుతారు."

"అందుకున్నవాళ్ల పేరు వేయకపోతే?"

"కుదరదు. పేరు లేకపోతే ఉత్తరం వేయడానికి లేదు. అది ఆయన పెట్టిన రూలే."

నాన్న మంచం అంచున కూర్చున్నారు. "ఆ వారం టపా తీసుకునే గుమాస్తా సెలవు పెట్టాడు. ఆ బల్ల మీద ఇంకొకళ్లు కూర్చున్నారు. నేనెళ్లి ఉత్తరం ఇచ్చాను, ముద్ర వేశారు, సంతకం పెట్టారు. అప్పుడు నీకు జ్వరం, బడి నుంచి కబురొచ్చింది. ఆ మనిషి కాగితం ఎక్కడ పెడుతున్నారో చూసుకోకుండా లేచి నీకోసం పరిగెత్తారు. పెద్ద గుమాస్తాకని పక్కన పెట్టే ఖాళీ కాగితాల దొంతరలో పడింది. అంతే జరిగింది. దానికి పడాల్సిన శిక్ష ఆ మనిషికి అప్పటికే పడిపోయింది. చచ్చిపోయినవాళ్ల పేరు అరవై ముగ్గురి నోళ్లలో వేయమంటావా?"

అర్థమైనట్టే ఉంది, కావద్దనిపిస్తోంది. చీటీ అందుకున్నాను. దాన్ని వెనక్కి తిప్పాను.

వెనకాల గుండ్రటి ముద్ర, నీలంసిరా వెలిసిపోయింది. ముద్ర కింద సంతకం. పెద్దసారుది కాదు. చివరి అక్షరం తోకను పైకి లాగి చిన్న సున్నా చుట్టిన సంతకం. పలక మీద ఆ సున్నా చుట్టడం నాకు ఎవరు నేర్పారో నాకు బాగా తెలుసు. ఇప్పటికీ నా సంతకం చివర కూడా అదే సున్నా ఉంటుంది. పదకొండేళ్లుగా ప్రతి ప్రూఫు కిందా అదే చుడుతున్నాను.

అది మా అమ్మ సంతకం.

బయట గేటు చప్పుడైంది. కత్తెర బాబాయి గొంతు వినిపించింది. ప్రెస్సు మనిషి ముందే వచ్చి ఆఫీసులో కూర్చున్నాడని, పేజీ కోసం తనను పంపారని అరుస్తున్నాడు.

నాన్న ఫొటో ఒళ్లో పెట్టుకుని, గాజు మీది దుమ్ము ఆ వడపోత గుడ్డతోనే తుడుస్తున్నారు. తలెత్తలేదు.

"నా పేరు నిలబెట్టాలని వచ్చావు కదమ్మలూ," అన్నారు. "రాయి మరి. అందుకున్నవారు అన్న చోట ఎవరి పేరు రాస్తావో రాయి."